ఆగమన్న దారిపెద్ద

మంచుకొండల అడుగున ఒక ఇరుకు లోయ ఉంది. చలికాలం వచ్చేసరికి కొండమీది జంతువులన్నీ అక్కడికి దిగుతాయి. అవి దిగేనాటికి పచ్చగా ఉండే ఆ లోయ, చలి తగ్గేనాటికి గొరిగిన గుండులా అయిపోతుంది. కనుమ దాటి అవతలికి పోతే కావలసినంత పచ్చిక ఉంది. కానీ కనుమ ఎప్పుడు దాటాలో చెప్పే అధికారం మాత్రం నక్కది.

ఎవరిచ్చారో తెలీదు, ఎందుకిచ్చారో అంతకన్నా తెలీదు. అది దారిపెద్ద, అంతే. నక్క తోక పైకెత్తి "ఇక పదండి" అనేదాకా లోయలోంచి ఎవరూ కదలకూడదు. కదిలాక ముందువాళ్ల కాలు ఎక్కడ పడిందో వెనకవాళ్ల కాలూ అక్కడే పడాలి, పక్కచూపులు పనికిరావు. ఈ ఆచారం కూడా నక్క పెట్టిందే. "ఒకసారి అడుగు ఆనిన చోట ఇంకో అడుగు నిక్షేపంగా ఆనుతుంది. మీ బుర్రలు వాడకండి, నా అడుగులు చూడండి చాలు" అని చెవినిల్లు కట్టుకుని పోరేది.

ఆ ఏడు లోయలో గడ్డి పెందలాడే అయిపోయింది. మేకలు చెట్ల బెరడు గీకుతున్నాయి. గొర్రెలు నేల నాకుతున్నాయి. అందరికన్నా అవస్థ గొర్రె దూదమ్మది. ఆమె చూడితో ఉంది. ఈనే రోజు దగ్గరపడింది, పొదుగులో మాత్రం చుక్క పాలు లేవు. నిరుడు కూడా ఇలాగే అయింది. పుట్టిన పిల్ల పాలు లేక తల్లి పక్కనే కళ్లు మూసింది. దూదమ్మ నోట్లో నాలుక లేనిది. అప్పుడూ ఏడ్చి ఊరుకుంది తప్ప ఎవర్నీ ఏమీ అనలేదు.

ఆ లోటు తీర్చడానికేనేమో మేక చురకమ్మ పుట్టింది. ఒక కొమ్ము వంకర, నోరు మాత్రం తిన్ననిది. ఆమె ఒకనాడు మందనంతా పోగుచేసి నేరుగా నక్క బొరియ ముందుకు తీసుకొచ్చింది.

"మామా, ఇంకెన్నాళ్లు?"

నక్క బద్ధకంగా బయటికొచ్చి ఒళ్లు విరుచుకుంది. "ఏంటర్రా ఈ తొందర? పైన మంచు ఎంతుందో మీకేం తెలుసు? మీ ప్రాణాల మీద మీకు ధ్యాస లేకపోయినా నాకుంది."

అది అబద్ధం కాదు. వాళ్ల ప్రాణాల మీద నక్కకున్నంత ధ్యాస లోయలో ఇంకెవరికీ లేదు.

"దూదమ్మని చూడు. ఇంకో వారం ఆగితే పిల్లా దక్కదు, తల్లీ దక్కదు" అంది చురకమ్మ.

"అయ్యో తల్లీ! నా కడుపు తరుక్కుపోతోందమ్మా" అని నక్క కళ్లు తుడుచుకుంది. "కానీ దారిపెద్దని కదా, ఒక్కదాని కోసం అందర్నీ మంచులో ముంచమంటావా? ఆగండి. ఆగితే అన్నీ సర్దుకుంటాయి."

నక్క వెనకాలే రాతి మీద కాకి కూర్చుని ఉంది. నక్క ఏమన్నా వంత పాడటం దాని అలవాటు. "మామ చెప్పింది నిజం. ఆగాల్సిందే!" అని అరిచింది. "నిరుడు ఆగారు కాబట్టే కదా... అబ్బ, ఆ గొర్రెపిల్ల ఎంత లేతగా ఉందనీ! మామ తొడ తిని నాకు పక్కటెముకలు వదిలాడు. ధర్మాత్ముడు!"

నక్కకి పొలమారింది. దూదమ్మ మెల్లిగా తలెత్తింది.

"నా పిల్లని మంచులో పూడ్చానని చెప్పావు కదా మామా?"

"పూడ్చానమ్మా, నా చేతులతో పూడ్చాను! ఈ కాకి మాటలు పట్టించుకుంటావా? దానికి మతి లేదు."

కాకికి రోషం వచ్చింది. "నాకా మతి లేనిది? రండి, ఎముకలు ఎక్కడున్నాయో చూపిస్తా! పిల్లవీ ఉన్నాయి, ముందేడు పోయిన ముసలి పొట్టేలువీ ఉన్నాయి. బొరియ వెనకాలే!"

ఎవరూ చూడటానికి వెళ్లలేదు. చూడాల్సిందంతా ఎదురుగానే నిలబడి ఉంది. చురకమ్మ నక్కని ముక్కు నుంచి తోకదాకా పరికించింది. లోయలో అందరి పక్కటెముకలూ బయటపడ్డాయి. నక్క ఒంటిమీద బొచ్చు మాత్రం నిగనిగలాడుతోంది.

"మా అందరికీ గడ్డి కరువు. నీకు మాత్రం కరువు లేదేం మామా? మేం ఆగిన కొద్దీ నువ్వు బలుస్తున్నావు. ఇక ఆగం. మా దారి మేం వెతుక్కుంటాం."

నక్క ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. గాలి మారిందని తెలియగానే గొంతు మార్చింది.

"సరే, మీ మాటే కానీ. రేపే బయలుదేరదాం. నేనే ముందు నడుస్తా. కాకపోతే పెందరాళే కదిలితే చలికి కాళ్లు కొంకర్లు పోతాయి, పైగా చూడిది ఉంది. ఎండ బాగా ఎక్కనిచ్చి, ఒళ్లు వెచ్చబడ్డాక నింపాదిగా పోదాం. ఉన్న కనుమల్లో ఎండ కనుమే దగ్గర దారి, అటే పోదాం."

గొర్రెలు సగం మెత్తబడ్డాయి. దారిపెద్ద ఒప్పుకున్నాడు కదా, ఇంకేం కావాలి అనుకున్నాయి. నక్క మాత్రం లోపల వేరే లెక్కలో ఉంది. మిట్టమధ్యాహ్నం మంచు జావలా ఉంటుంది. మంద కడుపుదాకా కూరుకుపోతుంది. కూరుకుపోయినవాళ్లు ఈ ఏటికి తిండి. బతికి వెనక్కొచ్చినవాళ్లు మళ్లీ జన్మలో నోరెత్తరు, వాళ్లు వచ్చే ఏటికి తిండి.

పొద్దు వాలుతుండగా చురకమ్మ జడలబర్రె దగ్గరికి వెళ్లింది. దూదమ్మ కూడా వెంట వచ్చింది. జడలబర్రె లోయలో అందరికన్నా పెద్దది, బరువైనది, మాట పొదుపు. అందరూ పెద్దమ్మా అంటారు.

"పెద్దమ్మా, నువ్వు ఆ కనుమలన్నీ ఎక్కి దిగినదానివి. నక్క చెప్పినట్టు పోవచ్చంటావా?"

"చావడానికైతే పోవచ్చు" అంది జడలబర్రె నెమరేస్తూ.

"మరి ఇన్నేళ్లూ నోరెత్తలేదేం?"

"ఎవరడిగారే నన్ను?"

చురకమ్మకి మండింది గానీ, తగాదాకి అది సమయం కాదని మింగేసింది. "ఇప్పుడు అడుగుతున్నాగా. తెల్లారగట్లే లేచి ఎండ కనుమ మీదుగా ఒక్క పరుగున..."

"ఎండ కనుమ వద్దు."

"దగ్గర దారి కదా!"

"దగ్గరే. సూర్యుడికి కూడా అదే దగ్గర. పొద్దు పొడవగానే ఎండ ముందు అక్కడే పడుతుంది. అంచు మీద వేలాడే మంచు పెళ్లలు ఊడి నెత్తిన పడతాయి. నీడ కనుమ చుట్టుదారే గానీ, మధ్యాహ్నందాకా మంచు రాయిలా ఉంటుంది. కాలు దిగదు."

"మరి దారిలో కింద అడ్డొచ్చే వాగు?"

"వాగు మీద మంచు వంతెన కట్టి ఉంటుంది. తొలివెలుగులో దాటాలి. తేలికవాళ్లు ముందు, నేను ఆఖర్న. నేను ముందెక్కి విరగ్గొడితే మీరంతా ఇవతలే ఉండిపోతారు. దాటాక నేను ముందుకొచ్చి మంచు తొక్కుకుంటూ పోతా. సగం ఎత్తులో ఒక బల్లరాయి ఉంది, గాలికి మంచు నిలవదు. దూదమ్మ అక్కడ ఊపిరి తీసుకోవచ్చు. ఆ రాయి చేరకముందే నా డెక్క మంచులో దిగిందంటే మాత్రం వెనక్కి తిరగాలి."

"వెనక్కా?" చురకమ్మ కొమ్ము విసిరింది. "మళ్లీ ఆ నక్క మొహం చూడటానికా? చస్తే తిరగను!"

"నక్క మీద నీకున్న కోపం కనుమకి తెలియదే పిల్లా. దిగితే తిరగాలి. ఒప్పుకుంటేనే నేనొస్తా."

చురకమ్మ మూతి ముడుచుకుంది. ఆఖరికి దూదమ్మే నోరు విప్పింది. "ఒప్పుకో అక్కా. నేను మోసేది నా ఒక్క ప్రాణం కాదు."

చురకమ్మ ఒప్పుకుంది.

తూరుపు తెల్లబడుతుండగా మంద చప్పుడు లేకుండా లేచింది. నక్క బొరియలో హాయిగా గురకపెడుతోంది. వాగు దగ్గరికి వచ్చేసరికి మంచు వంతెన గట్టిగా, నీలంగా మెరుస్తోంది. చురకమ్మ ముందెక్కి, ముక్కుతో వాసన చూసి, కాలితో తట్టి అవతలికి నడిచింది. వెనక మేకలు, వాటి వెనక గొర్రెలు. దూదమ్మ అంచున నిలబడిపోయింది. కింద మంచు పొర అడుగున నీళ్లు పారుతున్న చప్పుడు వినబడుతోంది.

"నాకు భయంగా ఉంది పెద్దమ్మా."

"నాకూ ఉంది. నడువు" అంది వెనకాల నుంచి జడలబర్రె.

దూదమ్మ నడిచింది. ఆమె అవతలి గట్టెక్కాక జడలబర్రె ఊపిరి బిగబట్టి, ఒక్కో డెక్కా ఆచితూచి వేస్తూ దాటింది. వంతెన మూలిగింది గానీ విరగలేదు. అక్కణ్ణుంచి జడలబర్రె ముందు, వెనకాల మంద. నీడ కనుమ వైపు వాలు మీద మెలికలు తిరుగుతూ ఎక్కసాగారు.

ఎండ బాగా ఎక్కాక నక్క లేచింది. మీసాలు దువ్వుకుని, పెద్దరికంగా మొహం పెట్టుకుని బయటికొస్తే లోయ ఖాళీ. కాకి ఒక్కతే ఉంది.

"ఏరీ వీళ్లంతా?"

"తెల్లారగట్లే పోయారు మామా. నిన్ను లేపుదామనుకున్నా. మతి లేనిదాన్ని కదా, మర్చిపోయా."

మంద కనుమ దాటిందంటే లోయలో తినడానికి ఏముంటుంది, కాకి తప్ప? ఎలాగైనా వెనక్కి తిప్పాలి. పైన పెళ్లలు విరిగిపడుతున్నాయని బెదిరిస్తే గొర్రెలు తిరుగుతాయి. ముందు ఆ దూదమ్మని ఆపితే చాలు, మిగతావి గొర్రెలే కదా! నక్క అడుగుల జాడ పట్టుకుని పరుగెత్తింది.

వాగు దగ్గరికి వచ్చేసరికి మంద వాలు మీద కనబడింది. అందరికన్నా వెనక దూదమ్మ. నక్క వంతెన వైపు చూసింది. అడుగులు నేరుగా వంతెన మీదుగా పోయాయి. అన్నిటి మీదా పళ్లేలంత డెక్కల గుర్తులు.

"జడలబర్రెని మోసింది, నన్ను మోయదా?" అనుకుంది నక్క. వంతెన నీలం పోయి తెల్లగా చెమర్చడం చూడలేదు. అంచుల నుంచి నీళ్లు కారడం చూడలేదు. పక్కచూపులు చూడకూడదని ఊరందరికీ చెప్పింది తనే మరి. తొలివెలుగులో పడ్డ డెక్క గుర్తులో ఎండెక్కాక తన కాలు పెట్టింది.

వంతెన చప్పుడు కూడా చెయ్యకుండా కూలింది. నక్క మంచు నీళ్లలో మునిగి, తేలి, కొట్టుకుపోతూ ఎలాగో వాగు మధ్య ఒక బండని పట్టుకుని పైకి పాకింది. అటు వాగు, ఇటు వాగు. తడిసిన తోక రెండు కాళ్ల మధ్య అతుక్కుపోయింది.

"ఆగండి!" అని అరిచింది. "ఆగండర్రా! మీ దారిపెద్దని!"

మంద ఒక్క క్షణం నిలబడింది. ఏళ్ల తరబడి విన్న మాట కదా, కాళ్లు వాటంతటవే ఆగాయి. చురకమ్మ ఎడాపెడా దులిపేద్దామని నోరు తెరిచింది.

ఈలోపు నక్క గొంతు తేనెలా మారింది. "దూదమ్మా, నా తల్లీ! నీ మనసు వెన్న. వీళ్లలా నువ్వు కఠినం కాదు. ఒక్కసారి ఆగమ్మా. వాళ్లని దించమ్మా!"

చురకమ్మ నోరు మూసుకుని దూదమ్మ వైపు చూసింది. అందరూ చూశారు. దూదమ్మ వెనక్కి తిరిగింది. ఆమె గొంతు అంత పెద్దదని ఆరోజుదాకా ఎవరికీ తెలియదు.

"నిరుడు ఆగాను కదా మామా! ఈసారి నువ్వు ఆగు. రేపు తెల్లారేసరికి వాగులో నీళ్లు తగ్గుతాయి. ఆగితే అన్నీ సర్దుకుంటాయి!"

ఆ మాటనేసి ముందుకు నడిచింది. ఈసారి ఎవరి అడుగులో అడుగు వేయలేదు. మంచు ఎక్కడ గట్టిగా ఉందో కాలితో చూసుకుంటూ తన దారిన తను ఎక్కింది. బల్లరాయి చేరేదాకా జడలబర్రె డెక్క మంచులో దిగలేదు, కనుమ చేరేదాకా కూడా దిగలేదు.

అవతలి పచ్చికలో కడుపునిండా మేశాక దూదమ్మ ఈనింది. పిల్ల తూలుతూ లేచి పొదుగు వెతుక్కుంది. అందులో పాలున్నాయి.

నీతి: ఆగమన్నవాడి మాట వినేముందు, మనం ఆగితే ఎవరి కడుపు నిండుతుందో చూసుకోవాలి.