సమంగా పడే అడుగులు

మా పెద్ద డాక్టరు భుజంగరావుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. పందెపు గుర్రాల ఆసుపత్రిలో ఆయన దగ్గర పాతికేళ్ళుగా కాంపౌండరును కాబట్టి నేను అడగడం ఎప్పుడో మానేశాను. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నీలవేణమ్మ మాత్రం అడక్కుండా ఉండలేదు. పాపం, ఆ పిల్లకు పుట్టిన బిడ్డ నాలుగో రోజునే పోయింది. నెల తిరక్కుండా డ్యూటీకి వచ్చేసింది. ఎవరు పలకరించినా, "మేమిద్దరం బాగానే ఉన్నామండీ. ఆయనా ఆఫీసుకు వెళ్తున్నారు," అనేది. కళ్ళు తడిసేవి కావు.

ఆ రోజు ఆమె అడిగిన ప్రశ్న ఇది: "సార్, కుంటని గుర్రానికి నొప్పి ఉందని ఎలా అంటారు?"

గుర్రం పేరు చమేలీ. మూడేళ్ళది. ఆదివారం పందెంలో పరుగెత్తాలి, యజమాని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. దాన్ని సాకే సైసు ఖాజా మియా ఒక్కడే వద్దంటున్నాడు. "ఏమైందో నాకు తెల్వదు సార్. గానీ నా బిడ్డ నడక మారింది," అని తలుపు దగ్గరే నిలబడ్డాడు. నీలవేణమ్మ శ్రద్ధగానే చూసింది, వంక పెట్టడానికి లేదు. ముందుకాళ్ళు రెండూ మోకాలి కింద నుంచి గిట్టల దాకా తడిమింది. ఎక్స్‌రే తీయించింది, అందులో ఏమీ కనబడలేదు. నడిపించి చూసింది, అడుగులు సమంగా పడ్డాయి. పరుగుకు పనికొస్తుందని కాగితం రాసి పెద్దాయన సంతకానికి తెచ్చింది.

ఆయన కాగితం పక్కన పెట్టారు. "కుడికాలును దేనితో పోల్చి చూశావమ్మా?"

"ఎడమకాలితో సార్."

"ఎడమకాలు బాగుందని నీకెవరు చెప్పారు?"

ఆమె తిరిగి చమేలీ ఎడమకాలి వైపు చూసింది. జవాబు నాకైతే తోచలేదు గానీ, అదృష్టం, నన్నెవరూ అడగలేదు.

ఆయన కుడికాలికి మోకాలి కింద, మొద్దుబారడానికి సూది వేశారు. మందు పనిచేసేదాకా చమేలీ నుదురు నిమురుతూ దానితో ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నారు. అంత మెత్తగా ఆయన మనుషులతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఖాజా మియాతో, "పది అడుగులే నడిపించు. పదకొండోది వద్దు," అన్నారు.

పది దాకా ఎక్కడ! మూడో అడుగుకే చమేలీ కుంటింది. సూది వేసిన కాలు కాదు, ఎడమకాలు. అది నేలకు ఆనగానే నొప్పికి తల పైకెత్తింది. ఖాజా మియా అక్కడే ఆపేసి, దాని మెడ కావలించుకుని ఏడ్చేశాడు.

"అయ్యో, బాగున్న గుర్రాన్ని..." అని నీలవేణమ్మ మొదలుపెట్టి, మధ్యలోనే ఆగిపోయింది. అది బాగున్న గుర్రం కాదని ఆమెకు అర్థమైంది. ఎముకలో పగులు రెండు కాళ్ళలోనూ మొదలైంది. రెండూ ఒక్కలాగే నొప్పిపెడుతుంటే అది ఏ కాలిని కాచుకుంటుంది? ఒకదానికి కాస్త ఊరట దొరికాకే రెండోదాని బాధ బయటపడింది. తను రాసిన కాగితాన్ని నీలవేణమ్మే చింపేసింది.

యజమాని ఫోన్‌లో చాలాసేపు కేకలేశాడు. పెద్దాయన అంతా విని, "కొత్త పగులు ఎక్స్‌రేలో కనబడదు. రెండు వారాలాగి మళ్ళీ తీస్తాం," అని పెట్టేశారు. తీశాం. ఈసారి రెండు కాళ్ళలోనూ వెంట్రుకంత గీత కనబడింది. ఆదివారం పరుగెత్తి ఉంటే ఏ మలుపు దగ్గరో కాలు విరిగేది. కాలు విరిగిన పందెపు గుర్రాన్ని మళ్ళీ ఇంటికి తీసుకురారు, అక్కడే ప్రాణం తీసేస్తారు.

ఆ ఎక్స్‌రేలు వెలుతురుకు పట్టుకుని నీలవేణమ్మ చాలాసేపు చూసింది.

"మనం చూడకపోతే ఎన్నాళ్ళు అలా సమంగా నడిచేది సార్?"

"విరిగేదాకా."

ఆమె ఎక్స్‌రేలు కవరులో పెడుతుంటే పెద్దాయన అడిగారు: "మీ ఆయన ఎలా ఉన్నాడమ్మా?"

"బాగానే ఉన్నారు సార్. నాలాగే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చమేలీతో మాట్లాడిన ఆ గొంతుతోనే అన్నారు:

"ఇవాళ తొందరగా ఇంటికెళ్ళు తల్లీ. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు ముందు కుంటండి."