మొదటి బిందె

పరాంకుశం గారు ప్రశ్నకు కూర్చున్నచోట జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. మంచినీటి శాఖలో ఇంజనీరుగా చేసి, ఇప్పుడు ఆ శాఖలో కొత్తగా చేరినవాళ్లకు శిక్షణ ఇస్తున్న ఆయన అలవాటు అది.

ఆ రోజు అడిగినవాడు శిష్యుడు ప్రద్యుమ్న. ఊరి చివర రాబోయే కాలనీకి కుళాయి గొట్టాల పటం గీశాడు. పని మొదలయ్యేలోగా మురుగు కాలువల శాఖకు వెళ్లి, వాళ్ల పటం పక్కన పెట్టి చూసుకోమన్నారు గురువు.

"అక్కడున్నాయనది నాకంటే కింది హోదా సార్. నేనెందుకు వెళ్లాలి? కావలిస్తే ఆయనే వస్తాడు. మన పని మనం తప్పు లేకుండా చేస్తే చాలదా?"

గురువు అతన్ని ఆటోలో కుమ్మరిదిబ్బకు తీసుకెళ్లారు. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే పేట అది. వాళ్లు దిగేసరికి వీధి కుళాయి వచ్చింది. ఆడవాళ్లు పక్కకు తప్పుకుని అప్పలనరసమ్మ అనే పెద్దావిడకు చోటిచ్చారు. ఆమె మొదటి బిందె నింపి, మోసుకెళ్లి వీధిలో కుమ్మరించింది.

"మేం చుక్క కోసం కొట్టుకు చస్తంటే ఈవిడ వీధికి అభిషేకం చేస్తందేటి?" అంది వరసలో ఒకామె. పక్కావిడ ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మాటన్నామె పేటకు కొత్త కోడలు, సంగతి తెలియదు.

అప్పలనరసమ్మకు కోపం రాలేదు. ప్రద్యుమ్న చేతిలోని పటం చూసింది.

"ఏ ఆపీసు బాబూ మీది? నీళ్లదా, కాలవదా?"

"నీళ్లదమ్మా."

"రెండాపీసులోళ్లూ మంచోళ్లే. ముందు మీవోళ్లు గొట్టం ఏసినారు. ఆళ్లెల్లిపోయాక కాలవోళ్లు తవ్వినారు. ఎండన పడి చేస్తన్నారని ఇద్దరికీ నానే చోడంబలి పోసినాను."

తవ్వినవాళ్లకు కింద గొట్టం ఉందని తెలియదు. గునపం దెబ్బకు అతుకు వదులైంది. కుళాయి కట్టేశాక ఖాళీ గొట్టంలోకి మురుగు ఊరేది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందుగా అదే వచ్చేది. నలుగురి చేతులూ పడకముందు పట్టిన నీళ్లే శుభ్రమని నమ్మి, అప్పలనరసమ్మ మొదటి బిందెను కూతురి బిడ్డ కోసం వేరుగా మూతపెట్టి ఉంచేది. కాలువ తవ్విన ఆ వేసవిలో పేటలో చాలామందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చనిపోయింది ఆ పిల్ల ఒక్కతే.

"అతుకు బాగుచేశారు కదమ్మా," అన్నాడు ప్రద్యుమ్న మెల్లగా. "ఇంకా ఎందుకు పారబోస్తున్నారు?"

"అది పిల్ల బిందె బాబూ. ఇంకెవులికి పొయ్యమంటారు?"

ఆమె ఖాళీ బిందె తీసుకుని వరస చివర నిలబడింది.

తిరుగుదారిలో ఆటోలో ప్రద్యుమ్న అడిగాడు.

"తప్పెవరిది సార్?"

"విచారణ జరిగింది. రెండు శాఖల పటాలూ దేనికది సరిగ్గానే ఉన్నాయని తేలింది."

మురుగు కాలువల శాఖ గేటు ముందు గురువు ఆటో ఆపించారు. తను దిగలేదు. కాళ్లు పక్కకు జరిపి శిష్యుడికి దారి ఇచ్చారు.

"ఇద్దరూ ఆవిడ అంబలి తాగారు," అన్నారు. "కలిసి తాగలేదు."