వరద గేజీలో లీకు

దేవమణి రాసిన ప్రోగ్రాం మూడోసారి ఆగిపోయింది.

గోదావరి పాయ పక్కన ఒక లంక ఊరి రేవులో పెట్టిన, వరద మట్టం కొలిచే గేజీని నడిపే ప్రోగ్రాం అది. నీళ్లలో ఉన్న సెన్సారు నిమిషానికోసారి నీటిమట్టం పంపుతుంది. సి భాషలో ఆమె రాసిన ప్రోగ్రాం దాన్ని చూసుకుని, మట్టం ప్రమాద గీత దాటితే సైరన్ మోగిస్తుంది. వానలు పట్టాక ఐదారు రోజులకోసారి మెమొరీ నిండిపోయి బిగుసుకుపోతోంది. మొన్నయితే తెర మీద తొమ్మిది అడుగులే ఉంది. నీళ్లు పన్నెండుకి వచ్చేశాయి. రేవులో కాపలా ఉండే సత్తెమ్మ కంటితో చూసి కేకలు పెట్టబట్టి సరిపోయింది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి దేవమణికి మనసు మనసులో లేదు. ప్రోగ్రాం నడిచే యంత్రాన్నీ, ప్రోగ్రాం అచ్చు తీసిన కాగితాల్నీ సంచిలో వేసుకుని, తనకి సి నేర్పిన ఖాదర్ మాస్టారింటికి రాజమండ్రి వెళ్లింది.

"తీసుకున్న మెమొరీ అంతా తిరిగి ఇచ్చేస్తూనే ఉన్నాను మాస్టారూ. పదిసార్లు చదివాను. తిరిగివ్వని మెమొరీని, అదే లీకుల్ని, పట్టే టూల్ పెట్టి ల్యాబులో వారం నడిపాను. ఒక్కటి కూడా లేదంది. నా ప్రోగ్రాంలో తప్పు లేదు. యంత్రమే మంచిది కాదు."

మాస్టారు లోపలికెళ్లి నాలుగు స్టీలు గ్లాసులు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టారు.

"పైకి చదువు. మెమొరీ తీసుకున్నప్పుడల్లా ఒక గ్లాసు బల్ల మీద పెట్టు. తిరిగి ఇచ్చినప్పుడు తీసెయ్."

దేవమణి చదివింది. సెన్సారు నుంచి వచ్చే సందేశానికి చోటు, ఒక గ్లాసు. అందులోంచి తీసిన అంకెలకి చోటు, ఇంకో గ్లాసు. సందేశం సరిగ్గానే ఉంది. మట్టం రాసుకుంది. ఫ్రీ, అంటే ఒక చోటు తిరిగి ఇచ్చేసినట్టు. ఇంకో ఫ్రీ. బల్ల ఖాళీ అయింది.

"చూశారా!" అంది.

"ఊఁ. మళ్లీ చదువు."

మళ్లీ మొదలుపెట్టింది. రెండో గ్లాసు పెట్టగానే మాస్టారు చెయ్యి చాపి, యంత్రానికున్న సెన్సారు తీగని పుటుక్కున లాగేశారు.

"సందేశం సగమే వచ్చింది. ఇప్పుడు చదువు."

ఆమె వేలు కాగితం మీద కిందికి జరిగింది. "సందేశం సరిగ్గా లేకపోతే... రిటర్న్."

వేలు ఆగిపోయింది. ఫంక్షన్ అక్కడితో సరి, కింద ఉన్న ఫ్రీల దాకా వెళ్లదు. గ్లాసులు రెండూ బల్ల మీదే ఉన్నాయి.

ల్యాబులో సందేశం ఒక్కటీ తెగదు. వానలో తెగి తెగి వస్తాయి. రోజుకి కొన్ని వందలు. ఒక్కోదానికీ రెండేసి గ్లాసులు మిగిలిపోతూ మెమొరీ నిండిపోతోందన్నమాట. దేవమణికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఆ రిటర్న్‌కి ముందు రెండు ఫ్రీ లైన్లు రాసుకుని, తీగ బిగించుకుని, ఆ సాయంత్రమే రేవుకి బయల్దేరింది.

వారమంతా ముసురు. తొమ్మిదో రోజు పొద్దున్నే సత్తెమ్మ ఫోను చేసింది.

"అమ్మాయిగారూ, సైరన్ కూసిందండీ! పిల్లా మేకా అందరం గట్టెక్కేశామండి. మీ పెట్టె ఇంకా నడుస్తానే ఉందండి."

దేవమణికి ఒళ్లంతా తేలికైపోయింది. వెంటనే మాస్టారికి ఫోను చేసి సంగతి చెప్పింది.

"అన్నిసార్లు చదివాను కదా మాస్టారూ, నాకెందుకు కనబడలేదు?"

అవతల చూరు నీళ్ల చప్పుడు వినబడుతోంది.

"అన్నిసార్లూ ఎండలోనే చదివావమ్మా" అన్నారు మాస్టారు.