సగం అల్లిన ఆకుబుట్ట

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గవరమ్మ. వెదురు బద్దలు చీలుస్తూ చెప్పింది. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆమె చేతిలో కత్తి ఆగిపోయేది. ఆమె చెప్పింది చెప్పినట్టే చెప్తాను, ఒక్క పుల్ల అటూ ఇటూ జరపను. ఈ కథను వేరేగా చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ సంగతి చివర్లో తేలుస్తాను.

అనగనగా, మా ఊరి వాగుకు ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, దాని ఒడ్డున వెదురుపేట అని ఒక పేట ఉండేది. పేటలో అందరిదీ ఒకటే పని. వెదురు కొట్టడం, బద్దలు చీల్చడం, బుట్టలు అల్లడం. అందరిలోకీ చేయి తిరిగినవాడు సింగన్న. అతను అల్లిన బుట్టలో నీళ్ళు పోసినా కారవని చెప్పుకునేవారు. కారతాయి లెండి, బుట్ట బుట్టే. అంత బాగా అల్లేవాడని అర్థం.

పనితనం ఎంతో పొగరూ అంతే. బుట్ట పూర్తయ్యేదాకా ఎవరికీ చూపేవాడు కాదు. అల్లేటప్పుడు ఎవరైనా తొంగిచూస్తే పైన గోనెపట్టా కప్పేసేవాడు.

"సగం పని చూపించడమంటే సగం పంచె కట్టుకుని సంతకు పోవడమే," అనేవాడు.

భార్య పోలమ్మ నవ్వేది. "నాక్కూడా చూపవేమయ్యా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"నీ నోరు నాకు తెలుసు. ఇక్కడ వంకర, అక్కడ వంకర అంటావు."

"వంకరుంటే అననా?"

"అందుకే చూపను."

ఒకనాడు ఆకు వర్తకుడు పాపిశెట్టి పేటకు వచ్చాడు. ఆయనకు ఏటి పక్కన తమలపాకు తోటలున్నాయి. ఆ ఆకు ఎద్దుల మీద కనుమ దాటి రాజుగారి నగరికి పోయేది.

"సింగన్నా, గోనెల్లో పోస్తే ఆకు నలిగి చస్తున్నది," అన్నాడు శెట్టి. "నగరికి తాజాగా చేర్చే బుట్ట చేసిపెట్టు. ఇక నా బుట్టలన్నీ మీ పేటవే. అయితే మూడు విడతలే చూస్తాను. మూడో విడతా పాడైతే కొత్తరేవులో బుట్టలల్లేవాళ్ళకు చెప్పుకుంటాను. ఏమనుకోకు."

పేటంతా చెవులు రిక్కించి విన్నది. కిందటేడు పంటలు పోయాయి. ధాన్యమే లేని రైతు వెదురు గాదె ఎందుకు కొంటాడు? శెట్టి పని చేజారితే మూటాముల్లె సర్దుకుని పేట ఖాళీ చెయ్యడమే. ముసలివాళ్ళు సింగన్న ముఖం చూశారు.

"నాకు వదిలెయ్యండి," అన్నాడు సింగన్న.

మొదటి బుట్టను చీమ దూరనంత బిగువుగా అల్లాడు. మూతిని సన్నగా, ముచ్చటగా, కూజా మెడలా తేల్చాడు. సన్నని మూతి అతని చేతి గుర్తు. గోనెపట్టా తీసి చూపించగానే శెట్టి "ఆహా" అన్నాడు. అలాంటివే వరసగా చేయించి, ఆకు నింపి ఎద్దులకెత్తారు.

ఎద్దులు తోలేది ఓబుళమ్మ. నిలువెత్తు మనిషి. ఆమె అరచెయ్యి చూస్తే చేటే. నవ్విందంటే ఎద్దులు కూడా వెనక్కి తిరిగి చూసేవి.

ఎద్దులు పోయాయి, వచ్చాయి. ఆకంతా చెమట పట్టి నల్లగా కుళ్ళిపోయింది.

"గాలి చాలలేదు," అనుకున్నాడు సింగన్న. రెండోసారి వేలు దూరేంత సందులతో అల్లాడు. మూతి మాత్రం అదే కూజా మెడ. శెట్టి మళ్ళీ "ఆహా" అన్నాడు. ఎద్దులు మళ్ళీ పోయాయి, వచ్చాయి. ఈసారి ఆకు గలగలా ఎండిపోయింది.

"సింగన్నా, మేము తెచ్చింది ఆకా, అప్పడాలా అని నగరి కాపలావాళ్ళు అడిగారయ్యా," అంది ఓబుళమ్మ.

సింగన్నకు ఒళ్ళు మండింది. "బుట్ట సంగతి నీకేం తెలుసు? వెళ్ళి ఎద్దుల్ని తోలుకో."

"తోలుకుంటాను నాయనా, నాకేం," అని ఆమె వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది ఒక్క విడత. సింగన్న వాగులో బద్దలు నానబెట్టి, రోజూ వాటి దగ్గర కూర్చుని ఆలోచించేవాడు.

వాగు మీదికి వంగి ఒక ఈతచెట్టు ఉంది. దానికి ఒక గిజిగాడు గూడు అల్లుతున్నాడు. నెత్తిన పసుపు టోపీ, ముక్కున గడ్డిపోచ. ఆ కాలంలో పిట్టలకు మాటలు వచ్చేవి. వినే ఓపికే మనుషులకు ఉండేది కాదు.

గిజిగాడు గూడు సగం అల్లి ఆపేశాడు. బోర్లించిన గిన్నెలా ఉంది. అడుగు లేదు, గొట్టం లేదు. దానికి వేలాడుతూ రెక్కలు కొట్టి ఆడపిట్టను పిలిచాడు. ఆమె వచ్చింది, లోపలికి దూరింది, అటూ ఇటూ పీకి చూసింది.

"ఈ మట్ట గాలికి ఊగుతున్నది. నా పిల్లలు తల తిరిగి పడిపోతారు," అని తుర్రుమంది.

గిజిగాడు ఇంకో మట్టకు మొదలుపెట్టాడు. అదీ సగం కాగానే పిలిచాడు.

"పడమటి ఎండ సూటిగా పడుతున్నది. గుడ్లు ఉడకబెట్టుకుని తింటావా?" అంది ఆడపిట్ట. మళ్ళీ తుర్రు.

మూడోది మొదలుపెట్టాడు. అదీ సగమే. ఆడపిట్ట వచ్చి చాలాసేపు లోపలే కూర్చుంది.

"ఊఁ, ఇది బాగుంది. ఇక్కడ కాస్త బురద మెత్తు. గొట్టం మాత్రం పొడుగ్గా దించు, పాము రాకుండా," అంది.

ఇక చూడాలి గిజిగాడి సంబరం! పోచ మీద పోచ, పోచ మీద పోచ.

సింగన్న పకపకా నవ్వాడు. "ఓరి గిజిగాడా! నువ్వూ నాలాగే అల్లేవాడివి. సగం ఇల్లు చూపించి పెళ్ళాం చేత మాటలు పడతావా? సిగ్గు లేదూ?"

"ఎందుకు సిగ్గు? సగం గూటికి వంక పెడితే నాకు పోయేది నాలుగు పోచలు. పూర్తి గూటికి వంక పెడితే ఈ వానకారంతా పోతుంది."

"ఆమె వచ్చి నీకు అల్లిక నేర్పాలా?"

"అల్లిక నాదే. కాపురం ఆమెది. గుడ్ల మీద కూర్చునేది నేనా?"

గూట్లోంచి ఆడపిట్ట తల బయటపెట్టింది. "అన్నా, నీ బుట్టలో ఉండేది ఏమిటి?"

"తమలపాకు."

"దారిలో దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరు?"

సింగన్న 'శెట్టి' అనబోయి ఆగిపోయాడు. శెట్టి నీడన కూర్చుని ఆహా అంటాడు, అంతే. ఆకుతోబాటు ఎండలో కనుమ ఎక్కి దిగేది వేరే మనిషి.

"ఓబుళమ్మ," అన్నాడు మెల్లగా.

"ఆమెను పిలిచి చూపించావా?"

"ఎద్దుల్ని తోలుకోమన్నాను."

"అయ్యో అన్నా," అంది ఆడపిట్ట. "అల్లడం వచ్చుగాని నీకు పిలవడం రాదు."

ఆ మాట పట్టుకుని సింగన్న ఇంటికి వచ్చాడు. ఒక బుట్ట అడుగు అల్లాడు, గోడలు సగం లేపాడు, అంచు కట్టకుండా ఆపేశాడు. గోనెపట్టా తీసి మూలకు విసిరేశాడు.

"పోలీ, ఇలా రా. చూడు."

పోలమ్మ చుట్టూ తిరిగి చూసింది. "చెప్పనా?"

"చెప్పు."

"ఇక్కడ వంకర."

సింగన్న పళ్ళు బిగబట్టాడు. ఆ వరస విప్పి మళ్ళీ అల్లాడు. పోలమ్మ ఆ పూట కూరలో నెయ్యి ఎక్కువ వేసింది.

తర్వాత ఆ సగం బుట్టను నెత్తిన పెట్టుకుని సంతవీధి మధ్యలోంచి నడిచాడు. కొనలన్నీ పైకి లేచి గాలికి ఊగుతున్నాయి.

"సింగన్నా, మిగతా సగం మేక తిన్నదా?" అని ఎవరో అరిచారు. వీధంతా నవ్వింది. సింగన్న తల దించలేదు. దించితే బుట్ట పడిపోతుంది.

ఎద్దులపాక దగ్గర బుట్ట దింపాడు. "ఓబుళమ్మా, మొన్న నోరు జారాను. ఇది ఇంకా పూర్తి కాలేదు. వంక పెట్టు తల్లీ."

ఓబుళమ్మ నవ్విన నవ్వుకు ఎద్దులన్నీ వెనక్కి తిరిగాయి. ఆమె భుజందాకా చెయ్యి బుట్టలో పెట్టి అడుగు తడిమింది.

"ఇదిగో, ఇలా చెయ్యి పట్టాలయ్యా! మజిలీ మజిలీకి ఆకు తిరగెయ్యాలి, నీళ్ళు చిలకరించాలి, మచ్చపడ్డది ఏరి పారెయ్యాలి. ఒకటి కుళ్ళితే పక్కదీ కుళ్ళుతుంది. నీ కూజా మెడలో నా వేళ్ళే పట్టలేదు, చెయ్యి ఎలా పడుతుంది?"

"ఆ ముక్క ముందే చెప్పకూడదూ!"

"ఎద్దుల్ని తోలుకోమన్నావుగా. తోలుకున్నాను."

సింగన్న అక్కడే, ఎద్దుల మధ్యనే కూర్చున్నాడు. మూతి వెడల్పు చేశాడు. ఎద్దు డొక్కకు ఆనేలా ఒక పక్క చదును చేశాడు. నీళ్ళు నిలవకుండా అడుగున సందులు వదిలాడు. ఒక ఎద్దు అతని భుజం నాకింది. అన్నీ అయ్యాకే అంచు కట్టాడు. ఆ నమూనా చూసి పేటంతా కూర్చుని అల్లింది.

మూడో విడత కనుమ ఎక్కింది. పేటలో ఎవరికీ ముద్ద దిగలేదు. పోలమ్మ మూటలు కట్టడానికి పాత చీరలు తీసి, మళ్ళీ లోపల పెట్టింది.

ఒక పొద్దున ఎద్దుల మెడగంటలు వినిపించాయి. ఓబుళమ్మ నేరుగా సింగన్న గుమ్మం ముందు ఆగింది. బుట్ట అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక ఆకు తీసి ఇచ్చింది.

"నగరి చూసి తిరిగొచ్చిన ఆకు. నమిలి చూడు."

ఆకు పచ్చగా, చలువగా ఉంది. సింగన్న దాన్ని రెండుగా చీల్చి పోలమ్మకు సగం ఇచ్చాడు. ఆ వెనకే పాపిశెట్టి వచ్చి, ఈసారి ఆహా అనకుండా, ఎన్ని బుట్టలు కావాలో చెప్పాడు. పేట నిలబడింది. ఆ రోజు నుంచి వెదురుపేటలో సగం బుట్టలు గుమ్మం బయటే పెట్టి అల్లేవారు, వచ్చేపోయేవాళ్ళు చెయ్యి పెట్టి చూసేలా.

పిల్లలూ, ఇదీ కథ. ఇక ఆ వేరేగా చెప్పేవాళ్ళ సంగతి. మా సంతపాక గోడ మీద ఈ కథ బొమ్మ వేయించారు. అందులో శెట్టిగారు వేలెత్తి చెప్తున్నారట, సింగన్న చేతులు కట్టుకుని వింటున్నాడట! ఓబుళమ్మ లేదు. ఆడపిట్ట లేదు. గిజిగాడున్నాడుగాని వాడి గూడు గొట్టంతో సహా పూర్తయిపోయి ఉంది. పూర్తయితే ఇక కథేమిటి? వేస్తున్నప్పుడే చెప్పాను. వేసినవాడు వినలేదు. వాడితో ఇప్పటికీ నాకు మాటల్లేవు.

కాబట్టి ఈసారి ఆ గోడకు సున్నం కొట్టేవాళ్ళెవరైనా సరే, ఒక్క పని చేసిపెట్టండి. శెట్టి వేలు చెరపండి. ఓబుళమ్మను చేటంత చెయ్యితో నిలబెట్టండి, ఆడపిట్టను గూట్లో కూర్చోబెట్టండి. గూడు మాత్రం సగమే వెయ్యండి. కింద మా అత్త మాట నలుగురికీ కనబడేలా రాయండి: వాడుకునే చేతికి చూపించాకే బుట్టకు అంచు కట్టాలి.