ఊడిపోయిన అక్షరం

కర్నూలులో కారుకు రంగు మీద గాజు పొరలా గట్టిపడే కోటింగ్ వేయించాలంటే మద్దిలేటి షెడ్డుకే పోవాలంటారు. అట్లాంటి మద్దిలేటి సొంత కారు మాత్రం పద్దెనిమిదేళ్ళుగా ఇంటి ముందు ఎండలో వెలిసి వెలిసి, ఎర్ర కారు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది. దీపం కిందే చీకటి.

ఒక ఆదివారం పొద్దున ఆ కారుకే కోటింగ్ వెయ్యాలని పూనుకున్నాడు. కడిగాడు, ఆరబెట్టాడు, క్లే ముద్దతో మెల్లగా రుద్ది పెయింటును పట్టుకున్న మురికంతా లాగేశాడు. డిక్కీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అక్కడ తెల్ల స్టిక్కర్ అక్షరాలు రెండున్నాయి. ఒకటి ‘మా’, ఒకటి ‘రి’. మధ్యలో ఉండాల్సిన ‘ధు’ పోయిన వానాకాలంలో ఊడి ఎక్కడో పడిపోయింది.

అది కూతురి పేరు. కారు కొన్ననాడు ఆరేళ్ళ పిల్ల తన చేత్తోనే అంటించుకుంది. మూడేళ్ళ కిందట తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుని నంద్యాలకు వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో దాని పేరెత్తకూడదని మద్దిలేటి ఆన పెట్టాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. భార్య ఈశ్వరమ్మ ఆనాటి నుంచీ ఆ పేరు పలకలేదు. డిక్కీ మీది పేరును మాత్రం రోజూ పొద్దున్నే మద్దిలేటే గుడ్డతో తుడుస్తాడు. ఆ రెండక్షరాలు కూడా రాలిపోతే బిడ్డది తన దగ్గర ఇంకేమీ మిగలదని ఆయన భయం.

అందుకే తనకు పని నేర్పిన మహబూబ్ బాషాను పిలిపించాడు. డెబ్భై అయిదేళ్ళ ముసలాయన భుజాన పాత సంచితో ఆటో దిగాడు.

“ఉస్తాద్, స్టిక్కర్ తియ్యకుండా దాని మీదనే కోటింగ్ వేస్తే నిలబడతాదా?”

ఈ మాట ఇంకెవరైనా అడిగుంటే మద్దిలేటే పడీపడీ నవ్వేవాడు. ముసలాయన నవ్వలేదు. వంగి డిక్కీ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“మారి... ఎవురురా ఈ మారి?”

“మారి కాదు ఉస్తాద్. అది...”

తను పెట్టిన ఆన తనకే అడ్డం పడింది.

బాషా ఇడ్లీలు కట్టించుకొచ్చిన పల్చటి ప్లాస్టిక్ కవరును చేతికి తొడుక్కున్నాడు. ఉత్త చేతికి అందని గరుకుతనం, కవరు తొడుక్కుంటే తెలుస్తుంది. ఆ కిటుకు మద్దిలేటి ఈయన దగ్గర నేర్చుకున్నదే. చెయ్యి బానెట్ మీద జారింది, డోర్ల మీద జారింది. ఆగకుండా జారిందంటే పని బాగున్నట్టు లెక్క. అక్షరాల దగ్గర చెయ్యి ఆగింది. కవరు తీసి శిష్యుడికిచ్చాడు.

“నువ్వు చూడు.”

మద్దిలేటి చూశాడు. అక్షరాల అంచుల చుట్టూ గరగరమంది. రోజూ తుడిచే చోటే.

“మట్టి ఉస్తాద్,” అన్నాడు తల వంచుకుని.

“కోటింగ్ కింద ఏముంటే అదే ఉండిపోతాది. అమ్మా ఈశ్వరమ్మా, రోంత వేన్నీళ్ళు తీస్కరామ్మా!”

బాషా వేన్నీళ్ళలో ముంచిన గుడ్డను అక్షరాల మీద పరిచి, ఆమె ఇచ్చిన టీ తాగుతూ మెట్టు మీద కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక సంచిలోంచి జానెడు నైలాన్ దారం తీసి మద్దిలేటి ముందు పట్టాడు.

“తీస్తే నాకింకేముంటాది ఉస్తాద్?” అన్నాడు మద్దిలేటి. కార్లు నిలువునా విప్పి రంగులేసిన మనిషి, ఆ దారం ముక్కను అందుకోవడానికి వెనకాడాడు.

బాషా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చివరికి మద్దిలేటి దారాన్ని రెండు చేతుల వేళ్ళకూ చుట్టుకుని ‘రి’ కిందికి పోనిచ్చాడు. మెత్తబడిన అక్షరం అంటుకున్న చోటు వదిలి చేతిలోకి వచ్చింది. తర్వాత ‘మా’ వచ్చింది. మిగిలిన జిగురును వేలి కొసతో నెమ్మదిగా రుద్ది, తడిగుడ్డతో తుడిచాడు.

తుడిచి అట్లాగే నిలబడిపోయాడు.

చుట్టూ రంగు వెలిసిపోయింది కానీ, స్టిక్కర్ కింద ఎండ పడని చోట కారు కొన్ననాటి ఎరుపు అట్లాగే ఉంది. ‘మా’ ఉంది, ‘రి’ ఉంది. ఏడాది కిందటే ఊడిపోయిందనుకున్న ‘ధు’ కూడా వాటి మధ్యన కొంచెం పల్చగా ఉండనే ఉంది.

గ్లాసు తీసుకుపోవడానికి వచ్చిన ఈశ్వరమ్మ అది చూసి, ఆన సంగతి మరిచి పైకే చదివింది.

“మాధురి.”

మూడేళ్ళ తర్వాత ఆ ఇంటి ముందు ఆ పేరు వినబడింది. ఆమె భయంగా మొగుడి మొహం చూసింది. మద్దిలేటి కళ్ళు తుడుచుకుంటున్నాడు.

బాషా సంచిలోంచి పాలిష్ డబ్బా తీశాడు. “ఇది పట్టిస్తే చుట్టూ రంగు తేలుతాది. అంతా ఒకటే ఎరుపైపోతాది. ఈ రాత కనపడదు. మొదలుపెడదామా?”

“ఈ పొద్దు వద్దు ఉస్తాద్.” మద్దిలేటి డిక్కీ మీది పేరును వేలితో తడిమాడు. “మాధురిని రానీ. అది చూసినాక వేస్తాం.”

ముసలాయన డబ్బా సంచిలో వేసుకున్నాడు. మద్దిలేటి తెచ్చిపెట్టుకున్న కోటింగ్ సీసాకు ఇంకా సీలు కూడా తియ్యలేదు. దాన్ని తీసి శిష్యుడి చొక్కా జేబులో, సెల్‌ఫోన్ పక్కనే పెట్టాడు.

“శానా దినాలు పెట్టుకోవాకురా బేటా. మూత తియ్యకపోయినా, ఇది లోపల్లోపలే రాయైపోతాది.”