దొరగారి దురద

నేనెప్పుడూ కథ రాయలేదు. తప్పులుంటే నవ్వి వదిలేయండి.

పూర్వం ఒక ముసలి దొరగారికి ఒళ్ళంతా దద్దుర్లు, దురద. ఆస్థాన వైద్యుడు రోజుకు మూడుసార్లు సలసల కాగే నీళ్ళు పోయించి, పీచుతో రుద్దించాడు. దురద ఇంకా ముదిరింది.

"తప్పంతా చాకలి గంటాలమ్మ ఉతుకుదే. దాన్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టండి" అన్నాడు వైద్యుడు.

గంటాలమ్మ దణ్ణం పెట్టింది. "అలాగే పోతాను దొరా. మూడ్రోజులు మాత్రం నేనుతికిన బట్టలే కట్టండి. ఒక్కపూటే గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని, తడి ఆరకముందే నూనె రాసుకోండి. మీ మూడుపూటల వేడి స్నానాలు మీ బదులు వైద్యులుగారు చేస్తారు. ఆయన బట్టలు ఆయనింట్లోనే ఉతుక్కోమనండి."

నాలుగోనాడు సభలో దొరగారి చేతులు ఒళ్ళో కుదురుగా ఉన్నాయి. వైద్యుడు స్తంభానికి వీపు రుద్దుకుంటున్నాడు.

"ఏం మాయ చేశావే?"

"మాయేముంది దొరా! పాత పంచెను ఉడకేసి బండకు బాదితే పోగులు లేచిపోవూ? మీ ఒళ్ళు డెబ్బై ఏళ్ళ పంచె."

"మరి వైద్యుడికో?"

"ఆయనా కొత్త తానేం కాదుగా!"

దొరగారు పగలబడి నవ్వారు. "నీ ఊరు నీదేనే, ఉండు" అన్నారు. వైద్యుడు మెల్లగా గంటాలమ్మ దగ్గరికొచ్చి, "ఆ నూనె కాస్త మిగిలిందా?" అన్నాడు.

ఇది రాసిన మర్నాడు పొద్దున్నే మా ముసలి అత్తయ్యకు రోజూ నేను సలసల కాచిపెట్టే వేణ్ణీళ్ళలో నాలుగు చెంబులు చన్నీళ్ళు కలిపాను.

"ఇన్నాళ్ళకు తెలిసిందా తల్లీ!" అందావిడ.