గేరుబాక్సుకు అందిన కబురు

దస్తగిరి మేస్త్రి ఎవరేం అడిగినా వెంటనే బదులు చెప్పే మనిషి కాదు. గుంటూరు ఆటోనగర్‌లోని ఆయన షెడ్డులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఏసుపాదం ఒకనాటి ఉదయం, "మేస్త్రిగారూ, నా కింద పనిచేసే నాగూరు ఏం చెప్పినా కస్సుమంటున్నాడు. వాణ్ణి మాన్పించేద్దామా?" అని అడిగాడు.

మేస్త్రి టీ తాగడం ముగించేలోగా అనసూయ టీచరు కారు వచ్చి ఆగింది. చిన్ననాడే పోలియో వచ్చి ఆమె ఎడమకాలు చచ్చుబడింది. క్లచ్ తొక్కే పనిలేని ఆ పాత ఆటోమేటిక్ కారులోనే ఆమె రోజూ పద్దెనిమిది కిలోమీటర్లు బడికి వెళ్లివస్తుంది. ఇప్పుడది గేరు మారడానికి ఆలస్యం చేస్తోంది. మారినప్పుడల్లా వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదుపుతోంది. గేరుబాక్సు పోయిందనీ, దాని భాగాలు ఇక దొరకవనీ మరోచోట చెప్పారట.

"ఇది ఆగిపోతే నేను బడి మానుకోవలసిందే," అంది.

గేరుబాక్సు దించడానికి ఏసుపాదం జాకీ తెచ్చాడు. మేస్త్రి దాన్ని పక్కన పెట్టించి, బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్ చప్పుడును చాలాసేపు విన్నాడు. ఇంజన్ ఎంత భారం లాగుతోందో గేరుబాక్సుకు తెలిపేది ఒక సన్నని రబ్బరు గొట్టం. అది చీలి బయటి గాలి పీలుస్తోంది. చదును రోడ్డు మీద కూడా బండి కొండెక్కుతున్నట్టే గేరుబాక్సుకు తోస్తోంది. అది చాలక, బండి నిలబడి ఉన్నా ఇంజన్ ఉరుకుతోంది.

"ఐడ్లింగ్ ఇంత పెంచిందెవరు?" అన్నాడు మేస్త్రి.

ఏసుపాదం వంగి ఐడ్లింగ్ స్క్రూను వేలితో చూపించాడు. "నేనేనండి. పోయిన నెల ఇంజన్ ఊరికే ఆగిపోతోందంటే స్క్రూ తిప్పి పంపేశాను. ఎందుకాగుతోందో చూడలేదు."

మేస్త్రి గొట్టం మార్చాడు, ఇంజన్‌లో పెట్రోలు మండే టైమింగ్ సరిచేశాడు, స్క్రూను వెనక్కి తిప్పాడు. టీచరు పెద్దరోడ్డు దాకా నడిపి తిరిగివచ్చింది. గేరు ఎప్పుడు మారిందో తెలియనేలేదని చెప్పి, నమస్కారం పెట్టి బడికి వెళ్లిపోయింది.

"తప్పంతా గేరుబాక్సుదే అనుకున్నాను. మీరు ఆపకపోతే విప్పేసేవాణ్ణి," అన్నాడు ఏసుపాదం.

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, అవతల పనిచేసుకుంటున్న నాగూరు వైపు చూశాడు.

"అందిన కబురును బట్టి నడిచింది, పాపం. ఆ కబురు పంపిందెవరో చూసుకోవాలి."